ఏఏ మీటింగు దొరక్కుండా వెతకడం ఎలా?

మందు మానాలనుకునేవాళ్ళకు మన దగ్గర సలహాలకేం కరువు లేదు. పొద్దున్నే నిమ్మరసం తాగమనేవాళ్ళు, గుడికి తీసుకెళ్ళి ఒట్టేయించేవాళ్ళు, పెళ్ళి చేస్తే వాడే దారికొస్తాడనేవాళ్ళు వీధికి నలుగురుంటారు. మానే ఉద్దేశం లేకుండా మానాలనుకుంటున్నట్టు కనబడాల్సిన పెద్దమనుషుల కష్టం మాత్రం పాపం ఎవరికీ పట్టలేదు. వాళ్ళ అవసరం సున్నితమైనది. ఇంట్లో ఆవిడ నిలదీసినప్పుడు "వెతుకుతూనే ఉన్నానే, ఎక్కడా దొరకట్లేదు" అని కళ్ళలోకి చూసి చెప్పగలగాలి. వెతికినట్టు రుజువుండాలి. దొరికినట్టు ఉండకూడదు. ఈ చిట్కాలు అలాంటివాళ్ళ కోసం.

మీరేమీ ఏకాకులు కారు. ఎయిమ్స్ వైద్యులు దేశమంతా చేసిన సర్వేను 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ బయటపెట్టింది. మద్యానికి బానిసైనవాళ్ళలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక సాయం అందుకున్నట్టు చెప్పారట. తక్కిన 37 మందీ నా సలహాలు చదవకుండానే పాటిస్తున్నారన్నమాట. ఆ ఒక్కడు ఎలా చేజారాడో తెలుసుకుంటే మనం జాగ్రత్తపడవచ్చు.

ముందు ప్రమాదం ఎక్కడుందో గుర్తుపట్టండి

ఆల్కహాలిక్స్ అనానిమస్, పొట్టిగా ఏఏ. మన దేశంలో 1957లో బొంబాయిలో మొదలైంది. ఇప్పుడు మన పెద్ద ఊళ్ళలోనూ ఉంది, తెలుగులోనూ నడుస్తుంది. చేరడానికి ఒకటే అర్హత: తాగుడు మానాలన్న కోరిక. మానేసి ఉండక్కర్లేదు, కోరిక ఉంటే చాలు. ఫీజు లేదు, ఫారం లేదు, ఆధార్ అడగరు, ఇంటిపేరు అడగరు. ఉపన్యాసం దంచడానికి డాక్టరుండడు, దండ వేయించుకోవడానికి అధ్యక్షుడుండడు. ఒకప్పుడు మీలాగే తాగినవాళ్ళు కుర్చీలేసుకుని కూర్చుంటారు. ఒక్కొక్కరూ తమ సంగతి తాము చెప్పుకుంటారు. పక్కవాడి సంగతి ఎత్తరు. గంటో గంటన్నరో అయ్యాక టీ తాగి ఇళ్ళకు పోతారు.

ఇంత తేలిగ్గా ఉన్నదాన్ని తప్పించుకోవడం మామూలు విద్య కాదు. వంకలు పెట్టడానికి పట్టు దొరకదు. "అంత డబ్బెక్కడిది" అనడానికి లేదు, "సెలవు దొరకదు" అనడానికి లేదు. కాబట్టి వెతికే దశలోనే ఆట ముగించాలి.

ఈ సంస్థ పుట్టుకే ఒక వెతుకులాట. ఆ కథ మీరు పొరపాటున కూడా చదవకూడదు. 1935 మే నెలలో న్యూయార్క్ నుంచి వ్యాపారం పని మీద అమెరికాలోని ఏక్రన్ అనే ఊరొచ్చాడు బిల్ విల్సన్. పని చెడింది. తాగుడు మానేసి కొన్ని నెలలే అయింది. హోటల్ లాబీలో ఒక వైపు బారు, ఇంకో వైపు టెలిఫోను. అతను ఫోను దగ్గరికి నడిచి, అక్కడ వేలాడుతున్న చర్చిల జాబితా చూసి వరసగా ఫోన్లు చేశాడు. వైద్యుడు కావాలని అడగలేదు, ఆస్పత్రి ఎక్కడని అడగలేదు. మాట్లాడ్డానికి ఇంకో తాగుబోతు కావాలన్నాడు! చివరికి ఒకావిడ డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జనును చూపించింది. ఆయనా పీకల దాకా తాగేవాడే. పావుగంట కంటే కూర్చోనని షరతు పెట్టి వచ్చిన మనిషి, గంటల తరబడి కూర్చుండిపోయాడు. ఆయన ఆఖరిసారి తాగిన రోజు, 1935 జూన్ 10, ఏఏ పుట్టినరోజైంది. వెతికినవాడి దగ్గర అడ్రసు లేదు, మీటింగు లేదు, గుంపు లేదు. ఉన్నదల్లా ఒక ఫోను. మీ జేబులోనూ ఒకటి ఉంది కాబట్టి జాగ్రత్త.

వెతికే వేళ, వెతికే చోటు

రాత్రి పదకొండు దాటాక, మూడో పెగ్గు మీద వెతకండి. ఆ వేళకు పశ్చాత్తాపం పొంగుతూ ఉంటుంది, అక్షరాలు ఊగుతూ ఉంటాయి, ఏ నంబరుకీ ఫోన్ చేసే వేళ కాదు. "రేపు పొద్దున చేస్తా" అని పడుకోవచ్చు. పొద్దున్న తల పగిలిపోతుంటే ఫోనెవరు చేస్తారు, సాయంత్రానికి తల తేలికపడితే అసలు ఫోనెందుకు?

ఎవరినైనా అడగాలనిపిస్తే సిట్టింగులో అడగండి. పర్మిట్ రూములో మీ ఎదురుగా గ్లాసు పట్టుకున్న మిత్రుడే ఈ విషయంలో అందరికంటే నిజాయతీపరుడు. "నీకేం ఖర్మరా, నువ్వు తాగుబోతువా? తాగుబోతులెలా ఉంటారో మా బావమరిదిని చూడు" అంటాడు. బావమరిది అందరికీ ఉంటాడు. ఎవరి బావమరిది వాళ్ళకు కొలమానం.

ఇక దూరం. దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకండి. మీటింగు మీ పేటలోనే ఉంటే తెలిసినవాళ్ళు చూస్తారు, వద్దు. ఊరి అవతల ఉంటే ట్రాఫిక్, వద్దు. మధ్యలో ఉంటే పార్కింగ్ ఉండదు. రెండో అక్టోబరున, గాంధీ జయంతికి షాపులన్నీ మూసి ఉన్న రోజున, ఏ సందులో ఏ ఇంటి వెనక తలుపు కొడితే క్వార్టరు బయటికొస్తుందో చీకట్లో కూడా కనిపెట్టగలిగిన మీ ప్రతిభ సంగతి నాకు తెలుసు. ఆ ప్రతిభను ఇక్కడ వాడారో, పావుగంటలో మీటింగు దొరికి చస్తుంది. దాచుకోండి.

ఊళ్ళో అంత మంది ముందు పరువు పోదా అని మీరడుగుతారు. తప్పకుండా పోతుంది. మీరు కాలవ గట్టున పడి ఉంటే ఆటోలో వేసి తెచ్చిన కుర్రాళ్ళకు తెలుసు. మీ స్కూటరు ఎన్నిసార్లు ఎక్కడెక్కడ దొరికిందో మెకానిక్కుకు తెలుసు. పెళ్ళిపందిట్లో మీరు మైకు లాక్కున్న ముచ్చట రెండు వైపుల చుట్టాలూ ఇప్పటికీ చెప్పుకుంటారు. తాగుతారని ఊరంతటికీ తెలిసినా చెక్కుచెదరని ఆ పరువు, మానుతున్నారని నలుగురికి తెలిస్తే మాత్రం మంటగలిసిపోతుంది. పైగా ఆ నలుగురూ, అక్కడ విన్నది బయట చెప్పకూడదన్న నియమం మీద బతికేవాళ్ళు! అలాంటివాళ్ళను నమ్మకండి. బెల్ట్ షాపు దగ్గర కూర్చునే మన పాతవాళ్ళయితే ఏ రహస్యమైనా సాయంత్రంలోగా ఊరంతా పంచుతారు, దాపరికం ఉండదు.

చర్చి వంక, దేవుడి వంక

ఏఏ మీటింగులు చాలా చోట్ల చర్చి ఆవరణలోని గదిలోనో, సాయంత్రం ఖాళీగా ఉండే బడి గదిలోనో జరుగుతాయి. ఆ గదికి అద్దె కట్టుకునే సంబంధం తప్ప ఇంకేమీ లేదు. మీరు మాత్రం "మతం మార్చేస్తారంట" అని ఒక్క మాట వదలండి. ఇంట్లో అత్తగారే మీ తరఫున వాదిస్తారు. మీరు హేతువాదులైతే రెండో వైపు నుంచి రండి: మానడానికి వాళ్ళు పెట్టుకున్న పన్నెండు మెట్లలో దేవుడి మాట ఉంది కదా, నా సిద్ధాంతమేం కావాలి? ఎవరి దేవుడు వాళ్ళిష్టమని ఆ మెట్లలోనే ఉంది. దేవుడంటే పడనివాళ్ళు ఆ గుంపునే తమకంటే పెద్ద శక్తిగా అనుకుని సరిపెట్టుకుంటారు. అంత దూరం చదవడం మీ పని కాదు.

ప్రభుత్వం కోసం ఆగండి

ఇది మన తెలుగువాళ్ళకే ప్రత్యేకమైన ఉపాయం. దుకాణాలే లేకపోతే తాగేదెలా, నేను మానేదేమిటి, ప్రభుత్వమే మాన్పించాలి! వినడానికి గంభీరంగా ఉంటుంది. చరిత్ర కూడా తోడొస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమె తోటి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఉద్యమం జిల్లాలు దాటి పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. ఆ రెండేళ్ళలోనూ నాటుసారా, పొరుగు రాష్ట్రాల సరుకు ఆగలేదు. మళ్ళీ అలాంటి రోజులొచ్చేదాకా ఎదురుచూడండి. తొందరేముంది?

మాల అనే బ్రహ్మాస్త్రం

అన్నిటికంటే బలమైన వాదన ఇది. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ మీరు చుక్క ముట్టలేదు. తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, కటిక నేల మీద పడక, కాళ్ళకు చెప్పుల్లేవు. వైన్ షాపు ముందు నుంచే వెళ్ళారు, తల తిప్పలేదు. కొండకు వెళ్ళొచ్చి మాల తీశారు, ఆ సాయంత్రమే స్నేహితులు కారు పంపించారు, అది వేరే సంగతి. "నేను బానిసనే అయితే 41 రోజులు ఎలా ఉండగలిగాను? అనుకుంటే మానగలను, అనుకోవట్లేదంతే" అని అడగండి. జవాబు చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఉండరు.

అయితే ఆ 41 రోజులు ఎలా ఉండగలిగారన్నది మాత్రం తవ్వకండి. తవ్వితే ఇబ్బందికరమైనవి బయటపడతాయి. ఆ రోజుల్లో మీరు ఒక్కరే లేరు. నాలుగింటికి పక్కవీధి స్వామి వచ్చి తలుపు కొట్టాడు. మధ్యాహ్నం పది మంది స్వాముల మధ్య భిక్ష, సాయంత్రం భజన, వారానికో ఇంట్లో పడిపూజ. వణుకు పుట్టిన రోజున, నాలుక పీకిన రోజున పక్కన ఎవరో ఒకరున్నారు. ఎన్నో ఏళ్ళుగా కొండకు వెళ్తున్న గురుస్వామి ఒకాయన, మీకంటే ముందు ఈ దారిలో నడిచినవాడు, ఎలా ఉన్నావని రోజూ అడిగాడు. అంతకుముందు వారం దాకా "ఒరే" అన్న నోళ్ళే "స్వామీ" అన్నాయి. మీరు ఎవరన్నది పేరుతో పని లేకుండా తేలిపోయింది.

ఏఏలో ముందు నడిచినవాడిని స్పాన్సర్ అంటారు. మీ మొదటి రోజుల్లో ఫోను ఎత్తేది, రోజూ కనుక్కునేది అతనే. తక్కినదంతా మీకు అలవాటైన పద్ధతే. తేడా ఒక్కటే. అక్కడ మాల తీసే రోజు లేదు. అందుకే వాళ్ళు 41 లెక్కపెట్టరు, ఈ ఒక్క రోజు తాగను అనుకుంటారు, రేపటి సంగతి రేపు. ఈ పోలిక మీ ఆవిడకు తట్టకుండా చూసుకోండి. తడితే మీ బ్రహ్మాస్త్రం మీ మీదికే తిరుగుతుంది.

వెక్కిరింత లేని మాట ఒకటి

ఇక్కడ మాత్రం నవ్వులాట ఆపి చెబుతాను, ఎందుకంటే దీనితో ప్రాణాలు పోతాయి. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవాళ్ళు పౌరుషానికి పోయి ఉన్నట్టుండి ఆపేయకూడదు. ఆఖరి గ్లాసు దిగిన కొన్ని గంటలకే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి లేనివి కనపడి, వినపడి, మతి చలిస్తుంది. సకాలంలో వైద్యం అందకపోతే చనిపోవచ్చు. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో కల్లు కాంపౌండ్లు, వైన్ షాపులు ఒక్కసారిగా మూతపడితే, హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటివాళ్ళే వరస కట్టారు. ఏఏ గుంపు ఆస్పత్రి కాదు, అక్కడివాళ్ళు డాక్టర్లు కారు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కొన్ని రోజుల మాత్రలతో, బీ1 విటమిన్‌తో ఈ గండం దాటించవచ్చు. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14446కి, మనసు బాగా లేకపోతే టెలీ మానస్ 14416కి డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయొచ్చు. ఫిట్స్ వస్తే, మనిషి అయోమయంగా మాట్లాడితే ఫోన్లూ అవీ కాదు, 108.

ఇల్లాలికి కొన్ని సూచనలు

అమ్మా, మీ సహకారం లేకుండా ఇదేదీ సాగదు. ఆయన ఆఫీసుకు వెళ్ళలేని పొద్దున మీరే ఫోన్ చేసి జ్వరమని చెప్పండి. షాపులో బాకీ మీరే తీర్చండి. సీసాలు సింకులో ఒంపండి, రాత్రంతా ఏడవండి, తెల్లారి పెసరట్టు వేసి పెట్టండి. ఆయన తాగుడుకు కారణం మీరేనని అత్తవారు అంటే నమ్మేయండి.

తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం అల్-అనాన్ అని వేరే గుంపులున్నాయి. బిల్ విల్సన్ భార్య లోయిస్, ఆమె స్నేహితురాలు కలిసి 1951లో మొదలుపెట్టారు. ఆయన మానినా మానకపోయినా మీరు వెళ్ళవచ్చట. ఇదెక్కడి విడ్డూరం! జబ్బు ఆయనది, మీరు వెళ్ళి కూర్చునేదేమిటి? మద్రాసులో శాంతి రంగనాథన్ ఇంకో అడుగు ముందుకేశారు. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న ఆవిడ 1980లో డీ-అడిక్షన్ ఆస్పత్రి పెట్టి, తాగినవాడితో పాటు ఇంట్లోవాళ్ళనీ కూర్చోబెట్టారు. ఇలాంటి చోట్లకు వెళ్తే మీరు జ్వరమని అబద్ధం చెప్పడం మానేస్తారు, బాకీలు కట్టడం మానేస్తారు. అప్పుడు ఆయన గతేం కావాలి?

దానికి బదులు బస్టాండు గోడల మీద చూడండి, "తాగేవారికి తెలియకుండా కూరలో కలిపి మందు మాన్పించబడును" అని ఉంటుంది. ఇదీ వెక్కిరింతకు లొంగని మాటే. అలాంటి పొడుల్లో ఏముందో అమ్మేవాడికే తెలియాలి. వైద్యులు రాసే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటుంది. అది పడ్డ ఒంట్లో మందు పడితే ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. మనిషి పోయే ప్రమాదమూ ఉంది. అందుకే తాగేవాడికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇస్తారు. అదే మాత్ర చాటుగా కూరలో కలిపిన రోజున, పాపం, ఆ సంగతి తెలియక ఆయన మామూలుగానే సాయంత్రం షాపుకెళ్తాడు.

ఆయన్ని డీ-అడిక్షన్ సెంటరుకు పంపి, తిరిగొచ్చాక ఇక అయిపోయిందని స్వీట్లు పంచడం కూడా మంచి పద్ధతే. మూడు నెలలు గోడల మధ్య మానినవాడు, గోడల్లేని వీధిలో మొదటి సాయంత్రం ఏం చేయాలో తెలియక నిలబడతాడు. ఆ సాయంత్రానికి మీటింగు అడ్రసు చేతిలో పెట్టకుండా ఉంటే చాలు, మిగతాది వీధి చూసుకుంటుంది.

ఆడవాళ్ళు తాగితే? మనవాళ్ళలో ఆడవాళ్ళు తాగరు కాబట్టి చిట్కాలు అవసరం లేదు. కల్లు కాంపౌండులో కూర్చున్న అవ్వ, గచ్చిబౌలి ఫ్లాటులో బీరువా వెనక సీసా దాచిన ఆవిడ, ఇద్దరూ మన లెక్కలోకి రారు. వాళ్ళు గుంపు వెతకకుండా ఉండటానికి మన మౌనమే సరిపోతుంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తమ్ముళ్ళ పరిస్థితి దయనీయం. అక్కడ రోజులో ఏ పూటకైనా ఏదో ఒక మీటింగు ఉంటుంది, దొరకలేదనడానికి కుదరదు. "తెల్లవాళ్ళకు మన బాధేం తెలుస్తుంది" అనండి. శనివారం రాత్రి గరాజ్‌లో మన బాధ తెలిసిన మన తెలుగువాళ్ళే ఉంటారు, సింగిల్ మాల్ట్‌తో సహా.

ఖర్మ కాలి వెళ్ళాల్సి వస్తే

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ఎవరో బండెక్కించి గది ముందు దించారనుకోండి. కంగారు పడకండి. తలుపు పక్క కుర్చీలో కూర్చోండి. మాట్లాడమని ఎవరూ బలవంతపెట్టరు, వినడమూ మానేయండి. చెప్పేవాళ్ళలో మీకంటే ఘోరంగా చెడినవాడిని ఎంచుకోండి. ఇల్లమ్ముకున్నవాడో, జైలుకెళ్ళినవాడో ఒకడుంటాడు. "నేనింత దాకా రాలేదు" అని ఊపిరి పీల్చుకోండి. ఆ మాటే ఒకప్పుడు అతనూ అనుకున్నానని చెబితే ఫోను చూసుకోండి. డబ్బుల సంచి తిరిగినప్పుడు ఐదొందలు వేసి లెక్క తీర్చేసినట్టు లేవబోతే కుదరదు. కొత్తగా వచ్చినవాళ్ళు వేయక్కర్లేదంటారు, బయటివాళ్ళ దగ్గర అసలే తీసుకోరు. డబ్బుతో వదిలించుకోవడానికి వీల్లేని చోట ఇలాంటి ఇబ్బందులుంటాయి.

నచ్చకపోతే ఒక్క గుంపును చూసి మొత్తానికే తీర్పు ఇచ్చేయండి. ఆరు మీటింగులకు వెళ్ళి చూడమని, వేరే పేటలో గుంపు వేరేగా ఉంటుందని పాతవాళ్ళు అంటారు. ఒక్క హోటల్లో సాంబారు బాగాలేదని ఎవరూ తిండి మానరు గానీ, ఇక్కడ మానొచ్చు.

టీ దాకా మాత్రం ఆగొద్దు. అసలు ప్రమాదం టీ దగ్గరే. గదిలో ఎవరూ ఏమీ అడగరు. బయట గ్లాసు పట్టుకున్నాక ఎవరో ఒకాయన, మీ వయసువాడే, ఏం పని చేస్తారని కూడా అడక్కుండా చీటీ మీద నంబరు రాసిస్తాడు. తాగాలనిపిస్తే తాగకముందు చేయమంటాడు, తాగాక కాదు. తీసుకోక తప్పకపోతే ఫోన్లో "ప్లంబర్" అని సేవ్ చేసుకోండి, ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. రాత్రి పదకొండున్నరకు ప్లంబర్లెవరూ ఫోనెత్తరన్న ధైర్యంతోనే ఉండండి. ఇతను రెండో రింగుకే ఎత్తి, "ఎక్కడున్నారు? ఏమైనా తిన్నారా?" అని అడుగుతాడు. అందుకే అసలు ఆ నంబరు తీసుకోవద్దంటున్నాను.